ఎర్రముక్కు రైతులు

కేదారవతీ రాజ్యానికి రాజధాని మణితోరణ నగరం. ఆ నగరానికి నాలుగు సింహద్వారాలు, నాలుగింటికీ నాలుగు రంగుల రత్నతోరణాలు. పొద్దు పొడిచేసరికి తూర్పు వాకిట ముత్యాల వర్తకులు గొంతులు సవరించుకునేవారు. పడమటి వాకిట మదపుటేనుగులు ఘీంకరించేవి. ఉత్తరపు వాకిట కస్తూరి, జవ్వాది, పునుగు మోసుకొచ్చే కొండదొరల రాకతో వీధి వీధంతా ఘుమఘుమలాడేది. దక్షిణపు వాకిలి ఒక్కటే కాస్త వెలవెలబోతూ ఉండేది, ఎందుకంటే అది రైతులు వచ్చే వాకిలి. అక్కడి తోరణంలో రత్నాలు ఊడిపోయి మూడేళ్ళయింది. కొత్తవి పొదిగించాలని అధికారులు ఏటేటా అనుకుంటూనే ఉన్నారు.

జ్యేష్ఠమాసంలో ఒక ఉదయం ఆ వాకిలి గుండానే నూకాలు నగరంలో అడుగుపెట్టింది.

నూకాలుది గరువుపాలెం. వృత్తి జొన్నచేల కాపలా. పదో ఏట మంచె ఎక్కిన పిల్ల ఇరవై రెండేళ్ళు వచ్చినా దిగలేదని ఊళ్ళో వేళాకోళం. ఆమె వడిసెల తిప్పి రాయి విసిరితే నూరు బారల అవతల కంకి మీద వాలిన చిలక ముక్కు పక్కగా గాలిని చీల్చుకుపోయేది. చిలకకు దెబ్బ తగిలేది కాదు, కంకి రాలేది కాదు, కానీ ఆ చిలక మళ్ళీ ఆ చేను మొహం చూసేది కాదు. చైత్రమాసంలో తాటికాయలంత వడగళ్ళు పడి చేలన్నీ నేలమట్టమయ్యాక ఆమెకు కాయడానికి పంట లేకుండా పోయింది. ఊరివాళ్ళకు మళ్ళీ చల్లుకోవడానికి గింజ కూడా మిగల్లేదు.

మహారాజు సోమధవళుడు మంచివాడే. వడగళ్ళ సంగతి వినగానే, నష్టపోయిన ప్రతి ఇంటికీ రాచకొట్టు నుంచి బస్తా విత్తనం ఆదరువుగా ఇమ్మని శాసనం చేశాడు. దండోరా గరువుపాలెం దాకా వచ్చింది. విత్తనం మాత్రం రాలేదు. ఆరుద్ర కార్తెకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆలోగా విత్తు నేలలో పడకపోతే ఈ ఏటికి సేద్యం లేనట్టే. ఊళ్ళో నలభై రెండు గడపలవాళ్ళూ అప్పుడే పొరుగు రాజ్యానికి వలసపోవడానికి బళ్ళు సర్దుకుంటున్నారు. "ఒక్కసారి నాను ఎల్లి అడిగొస్తాను, అంతదాకా ఎద్దుల్ని కట్టకండి" అని అందరి చేతా ఒట్టు వేయించుకుని, నడుముకు వడిసెల చుట్టుకుని, మూడు రోజులు నడిచి వచ్చింది నూకాలు.

ఆదరువుల కొట్టు ముందు పట్టుపరుపు మీద ఒక లేఖకుడు కూర్చుని ఉన్నాడు. అతను తలెత్తకుండానే అడిగాడు.

"ఏ ఊరు?"

"గరువుపాలెం బాబూ."

"గరువుపాలెం వాళ్ళంతా నిన్ననే తీసుకెళ్ళిపోయారు."

"మూడ్రోజుల్నించి ఆ దారినే నడిసొస్తన్నాను బాబూ. మా ఊరోళ్ళు ఒక్కరూ నాకు ఎదురుపళ్ళేదు."

లేఖకుడు తాళపత్రం మీద వేలు నడిపించాడు. "ఇదిగో. నూకాలు, అప్పన్న కూతురు, గరువుపాలెం. బస్తా తీసుకుంది. వెళ్తూ వెళ్తూ మహారాజును దీవించింది కూడా. ఎంత మర్యాద గల మనిషనుకున్నావు."

"నూకాలంటే నానే బాబూ."

"మరి నిన్న వచ్చినదెవరు?" అనేశాడు లేఖకుడు. అనేశాక ఆ ప్రశ్న తన మెడకే చుట్టుకుంటుందని తోచి గబగబా సర్దుకున్నాడు. "ముందు వచ్చింది కనుక ఆమె అసలు నూకాలు. వెనక వచ్చావు కనుక నువ్వు నకిలీ. అధికారి భూరిమల్లుల వారి కొట్టులోనే మారుపేరుతో మోసానికి దిగుతావా? భటులారా, పట్టుకోండి."

తన పేరు తాను చెప్పుకున్న నేరానికి నూకాలు ఆ రోజు మణితోరణ నగరంలో ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తవలసి వచ్చింది. ఇద్దరు భటులు శూలాలతో ఇటు, ముగ్గురు అటు. ఆమె ఏనుగు కడుపు కింద నుంచి దూరి, బెల్లపు కుండల బండి మీదుగా ఎగిరి, కొట్టు వెనక గోడ దూకి, ఖాళీ గోనెల కుప్పలో మునిగిపోయింది. ఆ కుప్పలో అప్పటికే ఎవరో ఉన్నారు.

"మెల్లగా కూకో. నా కాలు తొక్కేస్తన్నావు" అంది ఒక ముసలావిడ, నింపాదిగా వక్కాకు నములుతూ. ఆమె పేరు ఎర్రయ్యమ్మ, ఊరు కొత్తగెడ్డ. ఆమె కూడా నిన్ననో మొన్ననో తన విత్తనం తానే తీసుకెళ్ళిపోయిందని లేఖకుడు చెప్పాడట. భటులు తరిమితే వచ్చి ఇక్కడ దాక్కుంది.

గోనెల సందులోంచి చూస్తే కొట్టు వెనక గుమ్మం కనిపిస్తోంది. అక్కడ రైతులు బారులు తీరి ఉన్నారు. తలపాగాలు, మోకాళ్ళ పైకి పంచెలు, భుజాన గోనెలు, చూడడానికి అంతా సవ్యంగానే ఉంది. కానీ నూకాలు పన్నెండేళ్ళు మంచె మీద కూర్చుని చూపు పదును పెట్టుకున్న మనిషి. ఆ రైతులు గడప దాటేటప్పుడు ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా వేయడం లేదు, రెండు కాళ్ళూ కలిపి గెంతుతున్నారు. లేఖకుడు పిలిస్తే తల నిటారుగా ఎత్తి చూడకుండా పక్కకు వాల్చి ఒంటికన్నుతో చూస్తున్నారు. ఒక్కరికీ ముక్కు తిన్నగా లేదు. అన్నీ కొసన వంగి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఏటే అలా సూత్తన్నావు?" అంది ఎర్రయ్యమ్మ.

"అవ్వా, ఈల్లు మడుసులు కాదు. సిలకలు."

"అయ్యో నా తల్లీ. అంటే సేలో మేసిందీ అయ్యే, మేసినందుకు ఆదరువు తీసుకునేదీ అయ్యేనా?"

ఆ వరసలో నూకాలుకు మరొకటి కూడా కనబడింది. తన ఎత్తే, తన చాయే, తన మాసిన గళ్ళ చీరే కట్టుకున్న ఆడది రెండో బస్తా కోసం మళ్ళీ వచ్చి నిలబడింది. నూకాలుకు భయం వేయలేదు గాని ఒళ్ళు మండిపోయింది. "నా ముక్కు అలాగుంటాదేటవ్వా?" అని అడిగింది.

ఎర్రయ్యమ్మ ఆమె మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉండదు గాని ఉండేలా సెయ్యొచ్చు" అని, నములుతున్న వక్కాకుకు ఇంకాస్త సున్నం తగిలించి, ఆ ఎర్రటి ముద్దను నూకాలు ముక్కుకు పట్టించింది. పైన తన పాత దుప్పటిని తలపాగాగా చుట్టింది. నూకాలు రెండు కాళ్ళూ కలిపి గెంతుతూ వెళ్ళి వరస చివర నిలబడింది.

లేఖకుడు ఆమె మొహం కేసి చూడనేలేదు. "కొత్తగెడ్డ పైడయ్య" అని పిలిచాడు. నూకాలు తల పక్కకు వాల్చింది. "బస్తా ఇవ్వండి" అన్నాడు. అసలు నూకాలుకు దొరకని విత్తనం నకిలీ పైడయ్యకు క్షణంలో దొరికింది. కేదారవతీ రాజ్యంలో పని ఇంత చురుగ్గా జరుగుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

రైతుల వరస రహస్యద్వారం గుండా నగరం దాటి అడవిలోకి మళ్ళింది. ఆకాశాన్నంటే మద్దిచెట్లు, వాటికి అల్లుకున్న అడవిమల్లె తీగలు, ఎండకన్నెరగని నాచుబండలు. ఆ అడవి నడుమ హోరుమంటూ పారే వంకరవేణి నదికి అడ్డంగా ఊడలు పేనిన వంతెన ఒకటి వేలాడుతోంది. చిలక రైతులు సంబరంగా ఊడలు పట్టుకుని దాటిపోయారు. నూకాలు సగం దూరం పోయేసరికి ఆమె కాలి కింది ఊడ పుటుక్కున తెగింది. ఆమె ఒంటిచేత్తో ఊడకు వేలాడుతూ కిందికి చూస్తే నీళ్ళలో ఆరు మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. బస్తా వదిలేస్తే రెండో చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఆలోచన ఆమెకు తట్టనే లేదు. బస్తా మూతిని పళ్ళతో కరిచి పట్టుకుని, చేతి మీద చెయ్యి వేస్తూ ఆవలి గట్టుకు పాకింది. పైకెక్కుతుండగా ఒక మొసలి ఎగిరి ఆమె తలపాగా చివర కొరుక్కుపోయింది.

నది అవతల చిలకల గుట్ట. గుట్ట మొగదల రెండు రాతి సింహాలు కూర్చుని ఉన్నాయి. ఎర్రముక్కు వాసన చూసి అవి పక్కకు జరిగాయి. నూకాలు ముక్కు దగ్గర మాత్రం ఒక సింహం రెండుసార్లు వాసన చూసి ఒక పెద్ద తుమ్ము తుమ్మింది. వక్కాకు ఘాటు రాతి సింహానికి కూడా నెత్తికెక్కింది కాబోలు. అయినా దారి ఇచ్చింది.

లోపల గుహ చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. మరకత స్తంభాలు, పగడాల మెట్లు, పైకప్పు నిండా వేలాడే వెండి గూళ్ళు. ఆ వైభవం మధ్య, ఈ చివర నుంచి ఆ చివర దాకా, కొండలా పేర్చిన విత్తనాల బస్తాలు. గరువుపాలెం ఒక్కటే కాదు, దక్షిణ సీమలో వడగళ్ళు పడిన ప్రతి ఊరి గింజా అక్కడే ఉంది. ఆ బస్తాల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు శుకదంష్ట్రుడనే మాంత్రికుడు. వాడి గడ్డం ఆకుపచ్చ, కనుబొమలు ఆకుపచ్చ, చేతిలో చిలకతల బెత్తం. ఎదురుగా నిలబడి పిండిలా తెల్లబడిన మొహం తుడుచుకుంటున్నాడు ఆదరువుల అధికారి భూరిమల్లుడు.

"రేపు జవాబు దినం" అన్నాడు భూరిమల్లుడు. "బండ ఎక్కాలి. మహారాజు వస్తారు. నూరుమంది రైతులు కావాలి. విత్తనం ముట్టిందని అందరూ ఒక్క గొంతుతో చెప్పాలి. ఎల్లుండి దాటితే మన పడవలు సరుకుతో సముద్రం దారి పడతాయి, ఇక ఎవరేం అడిగినా ఒకటే."

"పంపుతాను. కానీ నీ పడవల్లో సగం నావి" అన్నాడు మాంత్రికుడు. తరువాత చిలక రైతుల వైపు తిరిగి బెత్తం ఆడించాడు. "మీకు వెయ్యిసార్లు చెప్పాను, నడవండిరా, గెంతకండి అని. రెండు కాళ్ళూ కలిసి నేలకు మూరెడు ఎత్తు లేచాయంటే నా మంత్రం చెదిరిపోతుంది. రేపు బండ దగ్గర ఒక్కడు ఎగిరినా వాడి తోక పీకేస్తాను. సరే, ఇప్పటికి మారండి."

వాడు కమండలంలోని నీళ్ళు చల్లాడు. తలపాగాలు, పంచెలు నేల మీద పడ్డాయి. రెక్కల చప్పుడుతో గుహ నిండిపోయింది. చప్పుడు సద్దుమణిగాక ఖాళీ అయిన నేల మీద నూకాలు ఒక్కతే బస్తా పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు మారలేదేం?" అన్నాడు శుకదంష్ట్రుడు.

"నీల్లు నాదాకా రాలేదు సామీ" అంది నూకాలు, తల పక్కకు వాల్చి.

మాంత్రికుడు మళ్ళీ చల్లాడు. ఈసారి నీళ్ళు సరిగ్గా ఆమె ముక్కు మీదే పడ్డాయి. వక్కాకు ఎరుపు కాస్తా గడ్డం మీదికి కారింది.

భూరిమల్లుడు కెవ్వుమన్నాడు. మాంత్రికుడి బెత్తం కొసన ఉన్న చిలకతల నోరు తెరిచి నిప్పు కక్కింది. నూకాలు చెయ్యి వడిసెల మీదికి పోయింది. గుహ అంచున బస్తాలను పైకి లాగే పెద్ద గంప ఒకటి గిలకకు కట్టి ఉంది. ఆమె ఒక్క రాయి విసిరేసరికి గిలక చీల ఊడింది, ఒక్క దూకుతో గంపలో పడింది. గంప గిర్రున గుట్ట అంచు మీదుగా కిందికి జారింది. పైనుంచి శుకదంష్ట్రుడు తాడు కోసేశాడు. గంప ఆమెతో సహా వంకరవేణిలో పడి, పుట్టిలా తేలి, సుడుల్లో గిరగిరా తిరుగుతూ, మొసళ్ళకు అందకుండా ప్రవాహం వెంట కొట్టుకుపోయింది. బస్తా గుహలోనే ఉండిపోయినందుకు ఆమె దారి పొడుగునా మాంత్రికుడి ఏడు తరాల్నీ వరసపెట్టి తిట్టింది.

గంప గట్టుకు తగిలాక రాత్రంతా నడిచి, మరునాడు మిట్టమధ్యాహ్నానికి ఆమె మణితోరణ నగరానికి చేరేసరికి జనమంతా కోట ముందున్న జవాబు బండ చుట్టూ గుమిగూడి ఉన్నారు.

ఆ బండ కథ కొంచెం చెప్పుకోవాలి. కేదారవతిని స్థాపించిన మొదటి రాజుకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు, అందులోనూ తన మీద అసలే ఉండేది కాదు. అందుకని ఆయన కోట ముందు ఒక నల్లరాతి బండ వేయించి కట్టడి చేశాడు. ప్రజల సొమ్ము పంచినవాడెవడైనా సరే, ఏడాదికొకసారి మధ్యాహ్నం వేళ చెప్పులు విడిచి, గొడుగు లేకుండా ఆ బండ ఎక్కి నిలబడాలి. కింద ఉన్నవాళ్ళలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. అడిగినవాళ్ళు 'చాలు' అనేదాకా పైనున్నవాడు దిగకూడదు. మొదటి రాజు కాలంలో జవాబులు చాలా పొట్టిగా, చాలా నిజంగా ఉండేవని చెప్పుకుంటారు. పోనుపోను అధికారులు తమకు కావలసినవాళ్ళ చేత ప్రశ్నలు అడిగించుకోవడం నేర్చారు.

బండ చుట్టూ భటులు కంచె కట్టి ఉన్నారు. ఎర్రముక్కు రైతుల్ని తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. అసలు రైతులంతా వెనక ఎండలో నిలబడ్డారు. వాళ్ళలో ఎర్రయ్యమ్మను వెతికి పట్టుకుని నూకాలు తన మొహం చూపించింది.

"మల్లీ పుయ్యాలేటి?" అంది ముసలావిడ. అని, సంచిలోంచి వక్కాకు తీసింది.

రెండోసారి కూడా ఆ ముక్కు పనిచేసింది. నూకాలు కంచె దాటి నూరుమంది నకిలీ రైతుల మధ్య దూరింది. భూరిమల్లుడు బండ మీద హాయిగా నిలబడి ఉన్నాడు. అంతకుముందే దాని మీద నీళ్ళు పోయించి చల్లబరిచినట్టున్నాడు. ఎదురుగా ముత్యాల పందిరి కింద మహారాజు సోమధవళుడు కూర్చుని వింటున్నాడు. పాతికేళ్ళవాడు, కిందటేడే పట్టాభిషేకం అయింది.

"రైతన్నలారా, ఆదరువు విత్తనం ముట్టిందా?" అని అడిగాడు భూరిమల్లుడు, తనకు తానే ప్రశ్న వేసుకుంటూ.

"ముట్టింది ముట్టింది, దొర దయ" అన్నారు నూరుమంది.

"లోటేమైనా జరిగిందా?"

"ముట్టింది ముట్టింది, దొర దయ" అన్నారు మళ్ళీ.

మహారాజు కొంచెం ముందుకు వంగాడు. ఆయనకు ఏదో తేడాగా తోచింది గాని ఏమిటో తెలియలేదు. అప్పుడు వరసలోంచి నూకాలు ముందుకొచ్చి తలపాగా తీసేసింది.

"నాకో పెశ్న ఉంది బాబూ."

భూరిమల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. భటులు కదలబోయారు. మహారాజు చెయ్యెత్తాడు. బండ దగ్గర ప్రశ్న అడిగేవారిని ముట్టుకోకూడదన్న కట్టడి ఇంకా బతికే ఉంది.

"అడుగు" అన్నాడు రాజు.

"ఈ రైతులు ఏ సేలోల్లో తేలాలి. నా రకంగా నాను అడుగుతాను." నూకాలు నడుము నుంచి వడిసెల విప్పింది. అందులో రాయి పెట్టలేదు. తల చుట్టూ మూడుసార్లు తిప్పి, చివర వదిలి, చెర్నాకోల విరిచినట్టు ఫెళ్ళుమనిపించింది. ఆ వెంటనే, పన్నెండేళ్ళుగా ప్రతి తెల్లవారూ గరువుపాలెం చేల మీద మోగిన కేక వేసింది.

"హోయ్ హోహో... హోయ్."

నూరుమంది రైతులూ ఒక్కసారిగా రెండు కాళ్ళ మీదా నిలువునా ఎగిరారు. మూరెడు కాదు, నిలువెత్తు ఎగిరారు. పంచెలు కిందా చిలకలు పైనా అయిపోయాయి. నూరు తలపాగాలు జనం మీద పడ్డాయి. కీచుకీచుమంటూ ఆకుపచ్చ గుంపు కోటబురుజుల చుట్టూ ఒక చుట్టు తిరిగి దక్షిణంగా పారిపోయింది. నకిలీ నూకాలు మాత్రం చీర కుచ్చిళ్ళలో చిక్కుకుని ధ్వజస్తంభం మీద వాలి, "దొర దయ, దొర దయ" అని అరుస్తూ ఉండిపోయింది. మణితోరణ నగరం అంతగా నవ్వి చాలా ఏళ్ళయింది. ఏనుగుల మావటివాళ్ళు కూడా కడుపు పట్టుకున్నారు.

భూరిమల్లుడు మాత్రం నవ్వలేదు. బండ అప్పటికి వేడెక్కింది. అతను కాళ్ళు మార్చి మార్చి వేస్తూ, "మహాప్రభూ, నేనూ మోసపోయాను. పట్టికలో ఉన్న పేర్లకు ఇచ్చాను. అంతే నా తప్పు" అన్నాడు.

"ఇత్తనం సిలకల గుట్టలో ఉంది. నిన్న ఈ బాబే అక్కడ నిలబడి పడవల బేరం సేసినాడు, నా కల్లతో సూసినాను" అంది నూకాలు. "అది తరవాత తేల్సుకుందారి. ముందు నా పెశ్నకి జవాబు సెప్పమనండి. బస్తా సిలక మోసిందా మడిసి మోసిందా అని సూడకుండానే, ఇచ్చీసినామని ఎవరు ఒప్పుకున్నారు? ఆ పట్టిక కింద ముద్ర ఎవరు ఏసినారు?"

భూరిమల్లుడికి అప్పుడు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అతను వంగి నమస్కరించి, చాలా వినయంగా చెప్పాడు. "ముద్ర మహారాజుది."

నవ్వులు ఆగిపోయాయి. మంత్రి గబగబా ముందుకొచ్చి సభ ముగిసిందనబోయాడు. సోమధవళుడు అతన్ని ఆపాడు. ఆ రోజు తనకు బాగా గుర్తుంది. చదరంగం బల్ల మీద ఏనుగు ఆపదలో ఉంది, ఎవరో పత్రం పక్కన పెట్టారు, తను ఒక చేత్తో పావు జరుపుతూ రెండో చేత్తో ముద్ర వేశాడు. అంతా కలిపి రెప్పపాటు పట్టింది.

రాజు పందిరి కింద నుంచి లేచాడు. రత్నపాదుకలు విడిచాడు. "భూరిమల్లుణ్ణి దింపి చెరలో వేయండి" అని, ఆ బండ తనే ఎక్కాడు. అరికాళ్ళు రాతికి తగలగానే ఆయన పెదవి బిగపట్టడం కింద ఉన్నవాళ్ళందరికీ కనిపించింది.

"ముద్ర నేనే వేశాను" అన్నాడు. "చదవలేదు. ఎవరినీ పంపి చూడలేదు. ఇంకా అడుగు."

రాజుల్ని తిట్టుకోవడం నూకాలుకు అలవాటే గాని, తిట్టిన రాజు ఎదురుగా వచ్చి ఎండలో నిలబడడం కొత్త. జాలి కూడా వేసింది. అయినా గరువుపాలెంలో ఎద్దుల పక్కన సర్ది ఉన్న బళ్ళు కళ్ళముందు మెదిలాయి.

"మా ఇత్తనం ఎప్పుడొస్తాది బాబూ? ఆరుద్రకి ఇంక ఐదారు దినాలే. మా ఊరు నడకే మూడు దినాలు. రేపు దాటితే పడవలు ఎల్లిపోతాయంట."

"యాభైమంది రౌతుల్ని ఇస్తాను. గుట్టకు దారి తెలిసినదానివి నువ్వొక్కతెవే. వాళ్ళను నడిపించు. పడవలు కదలకముందే గింజ పట్టుకుని తిన్నగా ఊళ్ళకే తోలించు. ఏ పేరుకు ఏ బస్తా చేరిందో అక్కడి మనుషుల్నే అడిగి నాకు చెప్పు." రాజు ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. "మరి, చాలునా?"

మంత్రి ఆత్రంగా నూకాలు వైపు చూశాడు. జనమంతా చూశారు. ఆ ఒక్క మాట అంటే రాజు దిగిపోవచ్చు.

"సాల్లేదు బాబూ" అంది నూకాలు. "ఇత్తనం సూసేక సెప్తాను."

మంత్రికి కళ్ళు తిరిగాయి. సోమధవళుడు మాత్రం తల ఊపాడు. పరిచారకులు గొడుగు తెస్తే వెనక్కి పంపేశాడు. నూకాలుకు ఒక తెల్లగుర్రం తెచ్చారు. ఇద్దరు రౌతులు పట్టుకుంటే గాని ఆమె దాని మీద కుదురుకోలేకపోయింది. మంచె మీద నుంచి చూసినంత ఎత్తే గాని, ఈ మంచె కదులుతోంది.

ఆమె కళ్ళెం సర్దుకుంటుండగా ఎర్రయ్యమ్మ జనాన్ని తోసుకుని బండ దగ్గరికి వచ్చింది. రాజు పాదాల కేసి చూసి నాలుక చప్పరించింది.

"రెండు కాల్ల మీదా ఒకేసారి బరువెయ్యకు నాయనా. ఒకటి మార్సి ఒకటి ఏస్తా ఉండు. మడమ ముందు ఆనించు, కాలి ఏల్లు తరవాత. అలాగైతే పొద్దోయేదాకా నిలబడొచ్చు."

"ఇదంతా నీకెలా తెలుసు అవ్వా?" అన్నాడు రాజు.

"పదకొండు దినాల్నించి నిలబడతన్నాను కదా" అంది ఎర్రయ్యమ్మ. "నీ కొట్టు ముందరే."

గుర్రాలు కదిలాయి. దక్షిణపు వాకిలి దాటబోతూ నూకాలు వెనక్కి తిరిగి చూసింది. సోమధవళుడు మడమ ముందు ఆనించి, బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటున్నాడు. వాకిలి అవతల, చిలకల గుట్ట వైపు, ఆకాశమంతా ఆకుపచ్చగా కమ్ముకొస్తోంది. యాభైమంది రౌతులూ కళ్ళేలు బిగించి ఆగి ఆమె మొహం చూశారు. నూకాలు గుర్రాన్ని ఆపలేదు, ఎలా ఆపాలో ఆమెకు తెలియదు కూడా.